వెలగని బటన్

ఆ ఉదయం అశ్రిత అనుకున్నది ఒక్కటే. శామీర్‌పేటలో పెదనాన్న మొగులయ్య ప్రెస్సులో, తను తయారుచేసిన టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఒక కరపత్రం వేయించాలి. బాగా పనిచేసిందని ఆయనతో సంతకం పెట్టించుకోవాలి. సాయంత్రంలోగా ఆ కాగితం దుండిగల్‌లోని కాలేజీలో ఇవ్వకపోతే డిగ్రీ ఇంకో ఏడాది ఆగినట్టే.

కరపత్రం తూంకుంటలో ఒక కాలనీ పార్కు ప్రారంభానికి. వేయిస్తున్న జనార్ధన్ పేరు లావు అక్షరాల్లో, అదే కాలనీలో ఆయనంటే పడని భిక్షం పేరు సన్నగా ఉండాలి. లావుకు ఒక బటన్ ఉంది. కర్సర్ లావు అక్షరాల దగ్గరుంటే అది వెలగాలి. జనార్ధన్ పేరు లావుగా కొట్టి, అశ్రిత టీ తేవడానికి వెళ్లింది. అక్కడే కొంప మునిగింది.

మొగులయ్యకు చత్వారం. ముప్పై ఏళ్లుగా మెషీన్ మీద దీపాన్ని నమ్మినంతగా తన కళ్లను నమ్మలేదు. కర్సర్‌ను జనార్ధన్ పేరు చివర పెట్టి చూస్తే బటన్ వెలగలేదు. లావు కాలేదనుకుని పేరంతా సెలెక్ట్ చేసి బటన్ నొక్కాడు. ఉన్న లావు కాస్తా పోయింది. మళ్లీ చివరికొచ్చి నొక్కితే వెలిగింది. ఆ వెలుగు ఇకపై కొట్టబోయే అక్షరాలకని ఆయనకేం తెలుసు పాపం! హమ్మయ్య అనుకుని పక్కనే భిక్షం పేరు కొట్టాడు. ఎప్పటి అలవాటు ప్రకారం తెరను ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

తిరిగొచ్చిన అశ్రిత తెర చూడగానే సంగతి గ్రహించింది. కర్సర్‌కు ఎడమ పక్కనున్న అక్షరాన్ని చూడాల్సిన తన ప్రోగ్రాం, కుడి పక్కనున్న ఖాళీని చూసింది. తప్పు అచ్చంగా తనదే.

“ఏం జేసినవ్ పెద్దనాయినా! ఫొటో తీసెయ్, జల్దీ!”

“ఏం జేసిన బిడ్డా? దీపం ఎలిగినంకనే కొట్టిన గదా!”

అప్పటికే జనార్ధన్ గుమ్మంలో ఉన్నాడు, మొహం కందగడ్డలా చేసుకుని.

“ఏంది మొగులన్నా గిది? నా పేరు సన్నగ, వాని పేరు లావుగనా? ఎవ్వలు జేసిన్రు?”

నేనేనని చెప్పడానికి అశ్రిత ముందుకొచ్చింది. సంతకం సంగతి దేవుడెరుగు, ప్రెస్సు మిగిలితే చాలనిపించింది. అంతలో బయట బండి ఆగింది. దిగింది భిక్షం! ఇక కొట్టుకోవడమే తరువాయి.

భిక్షం నేరుగా వచ్చి జనార్ధన్‌కు శాలువా కప్పాడు.

“అన్నా, రేపు నా మనుషులతోని పార్కు గేటుకు అడ్డం కూసుందామనుకున్న. గ్రూపుల జూసి సిగ్గైంది. నీ కంటె నా పేరు పెద్దగ ఏపిచ్చినవ్! ఇగ అందర్ని నేనే తోల్కొస్త.”

జనార్ధన్ శాలువా సర్దుకున్నాడు. “నేనే... నేనే గట్ల ఏయమన్న తమ్మీ.”

ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని వెళ్లిపోయారు. మొగులయ్య ‘మస్తు పనిచేస్తాంది’ అని రాసి సంతకం పెట్టాడు. అశ్రిత ప్రోగ్రాంలో తప్పు దిద్దబోతే ఎల్లుండి దాకా ఆగమన్నాడు. ఒకరంటే ఒకరికి పడని ఇంకో ఇద్దరి కరపత్రం ఉందట.