సెనేటరు గారి ఎడమ చెంప

ప్రజాస్వామ్యానికి పునాది రాజ్యాంగం కాదు, క్షౌరం. మా రాష్ట్ర శాసనసభ ఈ సత్యాన్ని 1911లోనే గ్రహించి, లైసెన్సు లేని చెయ్యేదీ పౌరుడి తలమీద పడకుండా క్షౌరవృత్తి బోర్డును నెలకొల్పింది. ఖర్చుల కోసం బోర్డు ఎవరి ముందూ చెయ్యి చాపనక్కర్లేదు. లైసెన్సు రుసుములే దానికి చాలు. ఆ రుసుములు నేరుగా ఖజానాకు చేరతాయి. వాటిని ముట్టుకోవాలంటే మాత్రం శాసనసభ అనుమతించాలి. (బావి నీదే, చేద పొరుగువాడిది.)

ఈ ఏడాది నిధుల సంఘం బోర్డుకు సున్నా కేటాయించింది. కారణం సబబైనదే. నిరుడు సగం నిధులిచ్చారు, బోర్డు సగం పనే చేసింది. ఇంత తక్కువ పనిచేసే బోర్డుకు డబ్బెందుకని సంఘం అధ్యక్షుడు సెనేటర్ హార్లన్ ఆట్మర్స్ కళ్ళజోడు తీసి మరీ సభను అడిగారు.

ప్రతి మంగళవారం ఆ కళ్ళజోడును భద్రంగా అందుకునేది వెల్డా క్రాంట్జ్. శాసనసభ భవనం నేలమాళిగలో ఒకే కుర్చీ ఉన్న సెలూను ఆమెది. ఇరవై రెండేళ్ళలో ఆమె మనుషులను మెడ వెనకనుంచి చదవడం నేర్చుకుంది. అబద్ధమాడేవాడి మొహం ఏమీ చెప్పదు గాని, మెడ మీద చర్మం బిగుసుకుంటుంది. ఇంకో సంగతి కూడా ఆమెకు తెలుసు. గొంతు మీద కత్తి ఉన్నంతసేపూ మనిషి అన్నిటికీ ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న ఆ మనిషి తువాలుతోపాటే దులిపేయబడతాడు.

జూన్ ముప్ఫయ్యో తేదీ సాయంత్రం ఐదింటికి ఆమె లైసెన్సుకు గడువు తీరుతుంది. రుసుముతో సహా దరఖాస్తు ఏప్రిల్లోనే పంపింది. గడువుకు ముందురోజు వీధి దాటి బోర్డు ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ మిగిలిన ఏకైక గుమాస్తా లైల్ బడ్జ్.

"ఏమయ్యా లైల్, నా లైసెన్సు?"

"అదుగో నీ కవరు. కనిపిస్తోందిగా?"

"తెరవొచ్చుగా మరి?"

"తెరిస్తే పరిశీలన మొదలైనట్టే. పరిశీలనకి నిధుల్లేవు. ఇలా చూడ్డం వరకూ ఉచితం."

"మరి నీకు జీతమెవరిస్తున్నారు?"

"ఎవరూ ఇవ్వట్లేదు. కాగితాల ప్రకారం నేను మే నెల్లోనే మానేశా. ఇంట్లో ఉంటే మా ఆవిడ గోడలకి రంగెయ్యమంటోంది. అందుకే వస్తున్నా."

"లైసెన్సు లేకుండా కత్తెర పడితే?"

"తొంభై రోజులు జైలు. ఆట్మర్స్ గారు తెచ్చిన చట్టమేగా."

ఇంటికెళ్ళే బస్సులో వెల్డా తన చేతులు చూసుకుంది. రేపు ఐదింటి నుంచి ఇవి నేరస్థుల చేతులు. వాటికింకా ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఆమెకు దిగులు సెనేటర్ల గురించి కాదు. శనివారాల్లో వృద్ధాశ్రమంలో పదకొండు తలలు ఆమె కోసం ఎదురుచూస్తాయి. వాటిలో జెలెంకా గారిది ఒకటి. ఆయన కొడుకుల పేర్లు మరిచిపోయారు గాని, ఆమె వేళ్ళు తగలగానే మాత్రం తల వంచుతారు.

ముప్ఫయ్యో తేదీ మంగళవారమే అయింది. నాలుగున్నరకు సెనేటరు గారు కుర్చీలో కూలబడ్డారు.

"ఏం వెల్డమ్మా, మొహం వేలాడేశావు?"

"ఐదింటికి నా లైసెన్సు పోతోందండీ. బోర్డుకి నిధులిప్పిస్తానన్నారు."

"రేపే చూస్తా తల్లీ. నా మాట మీద నమ్మకముంచు."

ఆయన ఈ మాట అనడం ఇది పధ్నాలుగో మంగళవారం. ఆయన మెడ బిగుసుకుంది. కుడిచెంప పూర్తయింది. గోడగడియారం ఐదు కొట్టింది. వెల్డా కత్తి మడిచి బల్లమీద పెట్టేసింది.

"ఏమైంది?"

"ఐదయిందండీ. ఇక ముట్టుకుంటే తొంభై రోజులు."

"ఇక్కడెవరు చూడొచ్చారు?"

"మీరున్నారుగా. ప్రమాణం చేసిన మనిషి."

"సరే, ఇటివ్వు. నేనే గీసుకుంటా."

"లైసెన్సు లేని చేతికి కత్తిచ్చినా నేరమే. ఏడో సెక్షను. మీరే చేర్చారు."

సెనేటరు అద్దంలో చూసుకున్నారు. కుడివైపు రాజనీతిజ్ఞుడు, ఎడమవైపు ఆరిపోతున్న నురగ. ఆరింటికి సభలో కెమెరాల ముందు ఆయన ప్రసంగం ఉంది. వెల్డా తువాలు తియ్యలేదు. ఆయన ఫోనందుకున్నారు. మెడ మీద చర్మం వదులైంది. ఇన్నేళ్ళలో మొదటిసారిగా ఆమెకు ఆశపడాలనిపించింది.

పదకొండు వారాలుగా తీరిక దొరకని రెండు సభలూ పదకొండు నిమిషాల్లో ఏకగ్రీవంగా సవరణ చేశాయి. (వెల్డా కుర్చీలో ప్రతిపక్షం వంతు గురువారం.) గవర్నరు నిలబడే సంతకం పెట్టారు. నేలమాళిగ మైకులో సవరణ వినిపించింది: శాసనసభ్యుల తలలు, గడ్డాలతో సహా, ఇకపై రాష్ట్ర ఆస్తి. రాష్ట్ర ఆస్తిని శుభ్రం చేయడం క్షౌరం కిందికి రాదు, భవన నిర్వహణ కిందికి వస్తుంది. దానికి లైసెన్సు అక్కర్లేదు.

బోర్డు సున్నా అలాగే ఉంది.

"చూశావా వెల్డమ్మా, మాట నిలబెట్టుకున్నా!" అంటూ సెనేటరు తల వెనక్కి వాల్చారు. ఆమె ఎడమచెంప గీసింది. ఎక్కడా గాటు పడలేదు. చేతులు తమంతట తామే పనిచేశాయి. అందుకు ఆమె వాటిని చాలాసేపు క్షమించలేకపోయింది.

గురువారం లైల్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, సొంత ఖర్చుతో అంటించిన స్టాంపుతో. మీరు భవన నిర్వహణ వృత్తికి మారినందున మీ దరఖాస్తును తెరవకుండానే ముగించడమైనది. రుసుము తిరిగి ఇవ్వబడదు.

శనివారం వెల్డా కత్తెర ఇంట్లో వదిలి, వట్టి చేతులతో వృద్ధాశ్రమానికి వెళ్ళింది. అడుగుల చప్పుడు వినగానే జెలెంకా గారు చొక్కా కాలరు మడిచి, తల వంచి కూర్చున్నారు. జుట్టు చెవుల మీదికి పడుతోంది. వెల్డా చేతులు కోటు జేబుల్లోనే ఉంచుకుంది.

ఆ తల రాష్ట్ర ఆస్తి కాదు.