హాజరైన మెడలు

మనిషి మెడ మనిషి సొంతమన్న అపోహ ఇకనైనా తొలగిపోవాలి. మెడ శాస్త్రానిది. అది నిటారుగా ఉందో లేదో చెప్పాల్సింది దాన్ని మోసేవాళ్ళు కాదు, భంగిమా విద్యల వైద్యాభిప్రాయ సంఘం. (సంఘంలో తొమ్మిదిమంది. ఏడుగురికి నడుంనొప్పి. మిగతా ఇద్దరూ సమావేశాల గడప తొక్కరు.)

మా వదిన ఇరవై ఏళ్ళు కుట్టుమిషను ముందు వంగి వంగి, మెడ తిప్పలేని స్థితికొచ్చింది. ఇక కుట్టుపనికి స్వస్తి చెప్పేద్దామనుకుంటుండగా, లైబ్రరీ మేడమీది గదిలో ఒక టీచరమ్మ కూర్చోవడం, లేవడం, నడవడం నేర్పుతోందని తెలిసి చేరింది. కుర్చీలోంచి లేవడం కూడా ఒకరు నేర్పాలా అని నేను వెక్కిరించాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆర్నెల్లలో ఆవిడ మెడ నిలబడింది, మిషను మళ్ళీ మోగింది.

ఇదంతా అనుభవమే తప్ప ఆధారం కాదని సంఘం గమనించింది. ఆధారం దొరక్కపోతే గది ఖాళీ చేయించాలని తీర్మానించి, నేర్చుకున్న అరవైమందినీ కార్యాలయం కిటికీ దగ్గరికి రమ్మంది.

ఆ కిటికీ నడుం ఎత్తులో ఉంటుంది. లోపల గుమాస్తా కూర్చుని ఉంటాడు. నియమావళి ఏడో అంశం ప్రకారం, కిటికీలో మొహం కనిపిస్తేనే మనిషి వచ్చినట్టు. మెడ బాగుపడ్డవాళ్ళు దర్జాగా నిటారుగా నిలబడ్డారు. గుమాస్తాకి చొక్కా బొత్తాలు కనిపించాయి. (బొత్తాలకి ఫారంలో గడి లేదు.) గైర్హాజరు అని రాసుకున్నాడు.

వదిన వంతు వచ్చింది. తోడుగా నేనూ పక్కనే ఉన్నాను.

"బాబూ, నేనొచ్చాను," అంది.

"ఎక్కడమ్మా? కనిపించకుండా ఎలా రాస్తాను?"

"మెడ బాగైందయ్యా. అది చెప్పడానికేగా వచ్చింది."

"చెప్పండి, ఎవరొద్దన్నారు? మొహం చూపించి చెప్పండి."

వదిన నా వైపు చూసింది. "వంగకపోతే గది పోతుంది వదినా," అన్నాను, పెద్ద తెలివైనవాడిలా. ఆవిడ వంగి, కిటికీలో మొహం పెట్టి, "పూర్తిగా తగ్గిపోయింది," అంది. గుమాస్తా ఓపిగ్గా రాసుకున్నాడు: హాజరు. మెడ వంగి ఉంది.

నెల తిరక్కుండా నివేదిక వెలువడింది. హాజరైన ఇరవైముగ్గురిలో ఒక్కరి మెడా నిటారుగా లేదు. గైర్హాజరైన ముప్ఫైఏడుగురికీ ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు. పద్ధతి వల్ల లాభం కనబడలేదు, మరింత పరిశోధన అవసరం. (పరిశోధనకి చోటు కావాలి గనుక లైబ్రరీ మేడమీది గదిని సంఘమే తీసుకుంది.) నాకు ఒళ్ళు మండి నాలుగు పేజీల అర్జీ రాశాను. దాన్ని కూడా ఆ కిటికీలోనే ఇవ్వాలన్నారు, వంగి ఇచ్చొచ్చాను.

టీచరమ్మ కుర్చీలు సర్దుకుని వెళ్ళిపోయింది. వదిన మెడ మళ్ళీ మెల్లగా మిషను మీదికి దిగడం మొదలుపెట్టింది. ఏడాది తర్వాత పునఃపరిశీలనకి పిలిచారు. ఈసారి ఆవిడ కిటికీ ముందుకి రాగానే, గుమాస్తా ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా హాజరు వేసుకున్నాడు.