పెరుగు సమీకరణం

నవ్వనంటేనే చెప్తాను. నా పేరు బ్రహ్మచారి, నా భార్య పేరు కల్పలత. ఈ మాటకే సగంమంది నవ్వేస్తారు. మిగతా సగం నా ఉద్యోగం సంగతి విని నవ్వుతారు. ఇంజనీరింగ్ కాలేజీలో రసాయన ప్రక్రియలకు గణిత నమూనాలు కట్టడం నేర్పుతాను. అంటే రియాక్టర్‌లో ఏం జరగబోతోందో ముందే లెక్కగట్టి, దాన్ని అదుపులో పెట్టడమన్నమాట. ఇంట్లో నా అదుపులో ఉన్నది ఫ్యాను రెగ్యులేటర్ ఒక్కటే.

ఆ సాయంత్రం మా ఎదురు ఫ్లాటు నజ్మున్నీసా గారి కూతురు జన్నత్‌ను చూడ్డానికి లాలాగూడ నుంచి పెళ్లివారు వస్తున్నారు. పెరుగువడలు తను చేస్తానని కల్పలత మాటిచ్చింది. అసలే చలికాలం. పెరుగు తోడుకోదేమోనని పొద్దున్నే బెంగ పెట్టుకుంది.

"పాలు నాకు వదిలెయ్. పెరుగు గిన్నె కూడా రియాక్టరే. సమీకరణం రాశాను, కత్తితో కోసేంత గట్టిగా వస్తుంది," అన్నాను.

"మీరు వంటింట్లకొస్తే నాకు పరేషాన్ షురూ. ఇది నా ఇజ్జత్ సంగతండీ!"

"నీ ఇజ్జత్‌కు నేను పూచీ."

"అయితే పోయినట్టే."

గిన్నె కింద హీటింగ్ ప్యాడ్, పాలలో థర్మామీటర్ వైరు, పక్కన ల్యాప్‌టాప్. తెరమీద గీత ముచ్చటగా పైకెక్కింది. మధ్యాహ్నానికి "తోడుకుంది!" అని కేక పెట్టాను. కల్పలత వచ్చి మూత తీసింది. పాలు పాలలాగే ఉన్నాయి.

"ఏందిది?"

"డెడ్ టైమ్!" అన్నాను గొంతు పెంచి. ప్రక్రియ కదిలేముందు పట్టే ఆలస్యాన్ని మేం అలాగే అంటాం. వరండా దాటి ఎదురింటికి మొదటి మాటే చేరింది.

నజ్మున్నీసా గారు దుపట్టా సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "యా అల్లా! ఎవరు డెడ్ భాభీ?" ఆవిడ వెనకే పైఫ్లోరు హరికిషన్. అప్పటికే ఫ్రీజర్ బాక్స్ కోసం ఎవరికో ఫోన్ కలుపుతున్నాడు.

"ఎవ్వరు పోలే అక్కా. ఈయన పెరుగు పోయింది," అంది కల్పలత.

నజ్మున్నీసా గారు గిన్నెలోకి తొంగి చూశారు. "భాయ్‌సాబ్, దీంట్ల తోడు ఏసిండ్రా?"

తెర వైపు వేలు చూపించాను. "మోడల్‌లో వేశాను," అన్నాను.

"గిన్నెల?"

నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

"పేరే బ్రహ్మచారి. తోడు ఎట్ల యాదికుంటది?" అంది కల్పలత.

సిగ్గుతో చచ్చిపోయాను. ఫ్రీజర్ బాక్స్ క్యాన్సిల్ చెయ్యొద్దని హరికిషన్‌తో చెబుదామనుకున్నాను. అంతలో నజ్మున్నీసా గారి కళ్లలో నీళ్లు. "బిడ్డ చూపులు... నలుగురికి చెప్పుకున్నా భాభీ, పెరుగువడలని." ఆ ముఖం చూశాక నాకు హాస్యం కూడా మిగల్లేదు. నా గొప్ప కోసం ఒక పిల్ల చూపులు పాడుచేశాను.

కల్పలత బియ్యం డబ్బా మూత తీసి, తువ్వాల చుట్టిన మట్టికుండను పైకెత్తింది. పెరుగు! కదిపినా కదలడం లేదు.

"మీ పాలల్ల సగం పొద్దుగాలనే తీసి తోడేసిన," అంది.

పాలు సగమైపోయినా నా మోడల్‌కు తెలియలేదన్నమాట. "నాకు చెప్పలేదేం?"

"చెప్తే దీనికి సుత వైరు పెడుదురు."

సాయంత్రం ఎదురింట్లో పిల్లవాడి తండ్రి నాగూర్ బాషా గారు వడ మీద వడ లాగిస్తూ, "పెరుగు ఎవరు తోడేసిండ్రమ్మా?" అన్నారు. నేను కర్టెన్ పక్కకు జరిగాను.

"మా ఆయన," అంది కల్పలత. "కాలేజీల దీనిమీదనే పాఠాలు చెప్తరు."

తిట్టినా అంత మండేది కాదు.

"మాషా అల్లా! సంబంధం మాకు ఖుషీ. పెళ్లికి సుత పెరుగు సారే తోడెయ్యాలె!"

కాపాడమన్నట్టు కల్పలత వైపు చూశాను. ఆవిడ నింపాదిగా ఇంకో వడ వడ్డిస్తూ, "ఎందుకెయ్యరు భాయ్? అప్పటిదాంక రోజూ ఇంట్ల ప్రాక్టీస్ చేస్తరు," అంది.

ఇప్పుడు రోజూ పాలు కాచేది నేనే. తోడు వేసి, వేశానని ఆవిడకు చూపించి, ఆవిడ సరేనన్నాకే కాలేజీకి బయల్దేరుతున్నాను.