కొండపల్లికి వచ్చిన పోలండ్ డాక్టరు

శనివారం పొద్దున వెంకటసుబ్బారావు మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పటమటలో ఫ్లెక్సీ ఒకటి పురమాయించాలి. మధ్యాహ్నం అతిథిని హోటల్ దగ్గర కారెక్కించాలి. సాయంత్రం కొండపల్లి కమ్యూనిటీ హాల్లో ఆయన ఇంగ్లీషుని తెలుగు చెయ్యాలి. ఆ తర్వాత ఇంటికొచ్చి పెరుగన్నం తినాలి. ఇంతకు మించి ఆశపడి బాగుపడిన లెక్చరర్ని మనం చూడలేదు.

అతిథి పేరు జెనోన్ పావ్లిక్. పోలండ్‌లో ఎకనామిక్స్ ప్రొఫెసరు. పాఠాలు చెప్పుకుంటూ కుదురుగా ఉండలేక రాజకీయాల్లోకి దూకాడు. ఆర్థికమంత్రై సబ్సిడీలు కోశాడు, తర్వాతి ఎన్నికల్లో జనం ఈయన్ని కోశారు. సొంత పార్టీ పెడితే అది రెండు ముక్కలై చిన్న ముక్క ఈయనకి మిగిలింది. ఇప్పుడు ఎవరు పిలిచినా వెళ్ళి మాట్లాడుతున్నాడు. అలాంటివాళ్ళు మన దగ్గర వీధికొకరున్నారు గానీ, విమానం దిగొచ్చిన వాడి విలువ వేరు కదా.

బొమ్మలు చేసేవాళ్ళకి మార్కెట్ గురించి ఆయన చేత చెప్పించాలన్నది కాలేజీ కరస్పాండెంటు హనుమయ్యగారి ముచ్చట. "మాస్టారూ, ఫారినాయన ముందు ఖాళీ కుర్చీలు కనబడితే మాత్రం సోమవారం నువ్వు రానక్కర్లేదు" అని ఆయన ముందే చెప్పేశాడు. తాను చెప్పే ఎకనామిక్స్ సొంత భార్యే వినదని మాస్టారికి తెలుసు. ఈ వయసులో ఇంకో కాలేజీ గేటు దగ్గర నిలబడాల్సి వస్తుందేమోనని ఆయనకి వారం నుంచి నిద్ర లేదు.

ఫ్లెక్సీ షాపు జాన్‌బాబుకి ఫోటో, పేరు, ఊరు, టైము పంపి, "మిగతా మేటరు మళ్ళీ పెడతా" అన్నాడు. ఈలోగా హనుమయ్యగారు శాలువా తెమ్మని, దండ తెమ్మని, ఆ దండ బాలేదు ఇంకోటి తెమ్మని తిప్పడంతో మేటరు సంగతి మరిచిపోయాడు.

జాన్‌బాబు ఎవరికోసమూ ఆగే మనిషి కాదు. ఫోటో చూశాడు. సూటు వేసుకున్న తెల్లాయన, ఎదురుగా మైకు, పైకెత్తిన చెయ్యి, పేరు ముందు డాక్టరు. ఇరవయ్యేళ్ళుగా అతను ఇలాంటి ఫోటోలు ఎన్ని వేశాడో! మైకు పట్టుకుని మన ఊళ్ళకొచ్చే తెల్లాయన ఎందుకొస్తాడో అతనికి ఒకరు చెప్పాలా? పాత ఫైలు తీసి మొహం మార్చాడు. "స్వస్థత మహాసభ. రోగుల కొరకు ప్రత్యేక ప్రార్థన." భక్తి కొద్దీ రెండు పావురాలు ఊరికే వేశాడు. కొండపల్లి సెంటర్లో కట్టించి, చర్చి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు.

సాయంత్రం దారి పొడుగునా హనుమయ్యగారు అతిథికి తన సన్మానాల ఫోటోలు చూపిస్తూ తల ఎత్తలేదు. ఫ్లెక్సీని చూసింది ముందు సీట్లో ఉన్న మాస్టారొక్కడే. చూసి, హనుమయ్యగారు తల ఎత్తలేదు కదా అని అద్దంలో చూసుకున్నాడు.

హాలు గుమ్మంలో బొమ్మల కరిముల్లా ఎదురొచ్చాడు. "మాస్టారూ, మార్కెట్ అన్నారు, వీళ్ళంతా ప్రార్థన చేయించాలని నూనె సీసాలతో వచ్చారేంటండీ? మావాళ్ళకి నిలబడే చోటు కూడా లేదు. నేను ఏనుగు అంబారీ తెచ్చా, ఇవ్వచ్చా, ఏమన్నా అనుకుంటారా?"

మాస్టారు లోపలికి చూశాడు. ఇబ్రహీంపట్నం నుంచి ఆటోల్లో దిగిన జనంతో హాలు కిక్కిరిసి ఉంది. నిజం చెబితే హాలు ఖాళీ, హాలు ఖాళీ అయితే ఉద్యోగం ఖాళీ.

"ఇవ్వు నాయనా. ఏదైనా ఇవ్వు" అన్నాడు నీరసంగా.

పావ్లిక్ లేచాడు. మొదటి మాటే, ఏ సంస్కరణలోనైనా ముందు నొప్పి తప్పదన్నాడు. మాస్టారు ఉన్నదున్నట్టు తెలుగు చేశాడు.

"ఆమేన్!" అంది హాలంతా.

ఓర్చుకున్నవాళ్ళకే ఫలితం దక్కుతుందన్నాడు. "స్తోత్రం!" ప్రభుత్వం మీద ఆధారపడొద్దన్నాడు. దానికైతే జనం లేచి నిలబడ్డారు. పాపం పావ్లిక్, మంత్రిగా ఉన్నప్పుడు ఈ మాటలకే కోడిగుడ్ల దెబ్బలు తిన్నాడు.

హనుమయ్యగారు మాస్టారి చెవి దగ్గరికి వంగాడు. "ఏంటయ్యా, ఆమేన్ అంటున్నారు?"

"వాళ్ళ దేశంలో చప్పట్ల బదులు అలాగే అంటారండీ. మనవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు."

"అట్టాగా!" అని హనుమయ్యగారు కూడా ఒక ఆమేన్ అన్నాడు.

ఇంతలో జాన్‌బాబు మేనత్త అమలమ్మ కర్ర టకటకలాడించుకుంటూ స్టేజీ ఎక్కి, అతిథి ఎదురుగా కూర్చుని మోకాలు చూపించింది. పావ్లిక్ ఎంత ప్రొఫెసరైనా ఓట్లడిగిన మనిషి. జనం ఏది ముందుకు తెస్తే దాన్ని ముట్టుకోవాలని ఆయనకి ఒకరు నేర్పక్కర్లేదు. వంగి మోకాలి మీద చెయ్యి పెట్టాడు. వెనకాల లైను గుమ్మం దాటింది.

అందరూ వెళ్ళేసరికి చీకటి పడింది. అప్పటిదాకా స్టేజీ మీదే కూర్చున్న అమలమ్మ దిగుతూ మాస్టారితో అంది: "ఈయన నిజం మనిషయ్యా. ఇదివరకొచ్చినోళ్ళందరూ ఎంటనే తగ్గుద్దన్నారు. ముందు నొప్పుంటదని చెప్పింది ఈయనొక్కడే. నొప్పి అట్టాగే ఉంది, మాట తప్పలా."

ఆ మాట తెలుగులోంచి ఇంగ్లీషుకి మార్చేటప్పుడు మాస్టారు ఇక దాచలేకపోయాడు. హనుమయ్యగారు కారు పిలవడానికి బయట ఉండగానే ఫ్లెక్సీ సంగతి, పావురాల సంగతి అన్నీ చెప్పేసి, పిడుగు కోసం తల వంచుకున్నాడు.

పావ్లిక్ కరిముల్లా ఇచ్చిన అంబారీ ఏనుగుని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో తన మాట ఇంతమంది నమ్మడం ఇదే మొదటిసారి, దయచేసి ఈ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు. తర్వాత, తిరిగొచ్చిన హనుమయ్యగారి చెయ్యి పట్టుకుని, ఇంతమందిని ఎకనామిక్స్ వినడానికి రప్పించిన లెక్చరర్ని తాను ఏ దేశంలోనూ చూడలేదని పొగిడాడు.

మాస్టారి ఉద్యోగం నిలబడింది.

"నిజమేనండీ" అన్నాడు హనుమయ్యగారు, కొత్త కళ్ళతో మాస్టారిని చూస్తూ. "జనాన్ని లాక్కొచ్చే ఇలాంటోణ్ణి క్లాసులో కూర్చోబెట్టడం నాదే తప్పు. సోమవారం నుంచి అడ్మిషన్లు నువ్వే చూడు మాస్టారూ. ఊరూరా తిరిగి పిల్లల్ని చేర్పించు. పాఠాలు ఎవరో ఒకరు చెబుతార్లే."

సోమవారం మిట్టమధ్యాహ్నం ఇబ్రహీంపట్నంలో, మొదటి గుమ్మంలో ఒకామె కరపత్రం చూసి "మావాడికి ఏ గ్రూపు మంచిదండీ?" అని అడిగితే, మాస్టారు మెడ మీది చెమట తుడుచుకుని, ఎకనామిక్స్ తప్ప ఏదైనా పరవాలేదన్నాడు.