కప్ప చెయ్యి పెట్టి చూసిన జ్వరాలు

ఒక పెద్ద అడవిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా వాళ్ళ వాళ్ళ మాటల్లోనే చెప్పుకునేవాళ్ళు. "కడుపులో పిచ్చుకలు కొట్టుకుంటున్నాయి" అనేది దుప్పి. "ఒళ్ళంతా ఎవరో బట్టలా పిండి ఆరేసినట్టుంది" అనేది అడవిదున్న. వైద్యం చేసే ఎలుగు అప్పమ్మ అన్నీ వినేది, తలూపేది, ఏదో ఒక చెక్క నూరి పోసేది. సగం మందికి మందు వల్ల తగ్గేది. మిగతా సగానికి ఆ చేదు మళ్ళీ తాగాల్సొస్తుందన్న భయం వల్ల తగ్గేది.

ఇలా ఉండగా నక్క పానకాలు పట్నం వెళ్ళి, ఏదో పెద్ద ఆఫీసు మెట్ల కింద ఒక వానాకాలమంతా పడుకుని తిరిగొచ్చాడు. వస్తూనే పెద్దపులి దొర ముందు నిలబడ్డాడు.

"దొరా, ఇదేం వైద్యం? దుప్పి కడుపులో పిచ్చుకలూ కోతి కడుపులో పిచ్చుకలూ ఒకటేనా? ఎవరైనా చూశారా? పట్నంలో ప్రతి జబ్బుకీ ఒకటే మాట, మాటకి ఒకటే అర్థం. దాన్ని నిర్వచనం అంటారు."

పెద్దపులి దొర ఆ మాట రెండుసార్లు అనబోయాడు, నోరు తిరగలేదు. నోరు తిరగని మాట గొప్పదే అయ్యుంటుందనుకుని సరేనన్నాడు.

సభ పెట్టారు. మొదట జ్వరం సంగతి తేలుద్దామన్నారు. మూడు రోజులు కూర్చుని ఒక వాక్యం తయారుచేశారు. "జ్వరం అనగా, నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ చేతికి వేడిగా తగులుట." అందరూ చప్పట్లు కొట్టారు. మిగతా జబ్బులకి అర్థాలు తేలేదాకా అప్పమ్మ ఎవరికీ మందు ఇవ్వకూడదని కూడా పానకాలు తెచ్చిన పుస్తకంలో రాసుకున్నారు.

అప్పుడు అడవిదున్న నెమ్మదిగా అడిగింది. "ఎవరి చేతికి?"

సభలో ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. అప్పమ్మ చెయ్యి బొచ్చు, వేడి తెలీదు. కోతి చెయ్యి నుదుటి మీద పెడితే అక్కడ ఆగదు, పేలు వెతుక్కుంటూ పోతుంది.

"పోనీ నేను పెడతాను" అన్నాడు పెద్దపులి దొర.

తమకెవరికీ జ్వరం లేదని సభలో అందరూ ఒక్కసారే చెప్పారు.

"శుభ్రమైన చెయ్యి కావాలి" అన్నాడు పానకాలు. "రోజంతా నీళ్ళలో ఉండేదెవరు?"

అలా పిలుపొచ్చింది మడుగులోని కప్ప బేకమ్మకి.

బేకమ్మని అంతవరకూ ఎవరూ దేనికీ పిలవలేదు. పిలుపు వినగానే బురదలోకి దూరబోయింది. మడుగు పక్క నేరేడు చెట్టు మీదుండే ఉడుత చిట్టెమ్మ ఆవిడకి స్నేహితురాలు. "వెళ్ళవే! నీ చెయ్యేమైనా తక్కువదా? చూసుకో, ఎంత నున్నగా ఉందో" అని చిట్టెమ్మే ధైర్యం చెప్పి పంపింది.

మర్నాడు బేకమ్మ ఒక రాతి మీద కూర్చుంది. ముందు దుప్పి వచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టగానే బేకమ్మ ఎగిరి అవతల పడింది.

"అమ్మో! నిప్పులా ఉంది తల్లీ!"

తరవాత కుందేలు. నిప్పే. కోతి. అదీ నిప్పే. నెమలి మరీను. బేకమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఇలా కాలిపోతూనే తిరిగారా? పక్కనే ఉండి తనకి తెలియనేలేదే! సాయంత్రానికి అడవిలో జ్వరం లేనివాళ్ళు ముగ్గురే తేలారు. తాబేలు, ఉడుము, నీటిపాము.

"చూశారా!" అన్నాడు పానకాలు పొంగిపోతూ. "నిర్వచనం లేకపోబట్టి ఇన్నాళ్ళూ జబ్బు దాక్కుంది."

"మరి దొరగారిని చూడొద్దా?" అని అడిగింది బేకమ్మ అమాయకంగా.

"దొరగారిది జ్వరం కాదు, తేజస్సు."

"మరి మీరో?"

"ఉండు, మొహం కడుక్కొస్తాను" అని పానకాలు కాలువకి వెళ్ళి, చలికాలపు నీళ్ళలో మెడదాకా ముంచుకుని వచ్చాడు. బేకమ్మ చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. "పానకాలు గారికి లేదు" అని చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే తెలుసు ఆవిడకి.

లంఖణం పరమౌషధం అన్నారు కదా పెద్దలు. జ్వరం తేలినవాళ్ళంతా బేకమ్మ చేతికి చల్లబడేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని ఆజ్ఞ అయింది.

చిట్టెమ్మకీ జ్వరం రాశారు మరి. రోజూ పొద్దున్నే బేకమ్మ నేరేడు చెట్టు దగ్గరికి గెంతుకుంటూ వెళ్ళేది.

"ఇవాళైనా తగ్గిందా?"

"తగ్గలేదే చిట్టీ."

"జ్వరమో గిరమో, నాకు తెలిసింది ఆకలే."

"ఆకలికి ఇంకా అర్థం రాయలేదుట. వచ్చే సభలో పెడతారుట. ఓపిక పట్టు."

మూడో రోజుకి చిట్టెమ్మ కొమ్మ దిగడం మానేసింది. నాలుగో రోజు వేరు మీద పడుకుని ఉంది. బేకమ్మ భయపడుతూ చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది!

"తగ్గిందే! తగ్గిందే చిట్టీ!" బేకమ్మ రెండు గంతులేసింది. "లే, పళ్ళు తిను!"

చిట్టెమ్మ లేవలేదు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "పానకాలు... కాలువలో మునిగొచ్చాడు కదా... చూశాను... ఇందాక దిగి... నేనూ మునిగాను" అంది ఎలాగో. కళ్ళు మూసుకుంది.

బేకమ్మ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. పక్కనున్న రాయి మీద పెట్టింది. చల్లగా ఉంది. రాయికీ జ్వరం లేదు. కుళ్ళిన దుంగ మీద పెట్టింది. దానికీ లేదు. 'ఈ చేతి లెక్కన అడవిలో అందరికన్నా ఆరోగ్యం ఈ రాయిదే' అనుకుంది. కాళ్ళు చల్లబడ్డాయి. అవి ఎప్పుడూ చల్లనివే, అయినా ఈసారి ఆవిడకి తెలిసింది.

చిట్టెమ్మని ఒక మోదుగాకు మీద పెట్టి, వెనక్కి గెంతుతూ, ఈడ్చుకుంటూ అప్పమ్మ గుహకి చేరింది.

"వణుకుకి అర్థం రాయలేదు, మందిస్తే నా గుహ మూయించేస్తారే" అంది అప్పమ్మ. కానీ చిట్టెమ్మని చూడగానే ఎత్తి చంకలో పెట్టుకుంది. "ఇది మందు కాదు, నా బొచ్చు. బొచ్చు మీద ఆజ్ఞ ఏమీ లేదు."

"బతుకుతుందా అప్పమ్మా?"

"వెచ్చబడితే బతుకుతుంది. వెచ్చబడగానే నువ్వొచ్చి జ్వరం అంటావు. మళ్ళీ తిండి మానిపిస్తారు. ఈసారి మాత్రం తట్టుకోదే తల్లీ."

బేకమ్మ అక్కణ్ణించే బయల్దేరింది. ఎన్నడూ అంత దూరం గెంతలేదు, ఆ రోజు గెంతింది. పెద్దపులి దొర కొలువులో వెళ్ళి పడింది. అక్కడ జ్వరం తేలినవాళ్ళంతా నీరసంగా కూలబడి ఉన్నారు. పానకాలు అప్పుడే మునిగొచ్చినట్టున్నాడు, మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"దొరా, నా చెయ్యి మంచిది కాదు. దీనికి రాయి ఒక్కటే ఆరోగ్యంగా తోస్తుంది."

"నిర్వచనం తప్పు కాదు" అన్నాడు పానకాలు, ఒక తుమ్ము తుమ్మి.

"అయితే దొరా, ఒక్కసారి తల వంచండి."

పెద్దపులి దొరకి ఎప్పుడూ ఎవరూ అలా చెప్పలేదు. సరదా పుట్టి వంచాడు. బేకమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"అమ్మో! అడవిలోకెల్లా పెద్ద జ్వరం దొరగారిదే!"

కూలబడ్డవాళ్ళంతా రెండడుగులు వెనక్కి జరిగారు.

"అది తేజస్సు!" అన్నాడు పానకాలు.

"తేజస్సుకి అర్థం ఏ సభలో రాశారండీ?" అంది బేకమ్మ.

పెద్దపులి దొర మెల్లగా అడిగాడు. "అయితే పానకాలూ, నేను కూడా తిండి మానాలా?"

పానకాలు పులి పళ్ళు చూశాడు, పుస్తకం చూశాడు. ఇంకో తుమ్ము తుమ్మాడు.

"పుస్తకం ఇలా తే" అన్నాడు దొర. "మూడు రోజుల సభ ఎందుకు, ఒక్క మాటేగా. వేడిగా అన్నది కొట్టెయ్యి, చల్లగా అని రాయి. జ్వరం అనగా, బేకమ్మ చేతికి చల్లగా తగులుట."

ఒక్క గీతతో అడవంతా కోలుకుంది. దుప్పి లేచి గడ్డి మీద పడింది. కోతి కనబడిన ప్రతి కొమ్మా ఎక్కింది. ఎలుగు గుహలో చిట్టెమ్మ వెచ్చబడి, అప్పమ్మ కాచిన తేనె జావ మూతి నిండా పూసుకుని తాగింది. అడ్డుకునేవాళ్ళు లేరు.

కొలువులో మాత్రం నీళ్ళోడుతూ, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడని రోగి ఒక్కడే మిగిలాడు.

"ఇది అన్యాయం!" అన్నాడు పానకాలు. "ఈ లెక్కన బేకమ్మకీ జ్వరమే!"

"అవునండీ," అంది బేకమ్మ సంతోషంగా తన నుదురు తడుముకుంటూ. "చలికాలం నేనూ, తాబేలూ, ఉడుమూ, నీటిపామూ ఎలాగూ ఏమీ తినం. జ్వరం చేత్తో ఉద్యోగం చెయ్యకూడదు కదా, వెళ్ళొస్తాను."

పానకాలు ఒంటికి వేడి పుట్టించుకోవడానికి ఆ వేళంతా అడవి చుట్టూ పరుగులు పెట్టాడు. కానీ వెచ్చబడ్డాడని చూసి, అతని పేరు రోగుల లెక్కలోంచి కొట్టివెయ్యడానికి చెయ్యి లేదు. చెయ్యి మడుగు అడుగున బురదలో నిద్రపోతోంది, వేసవి దాకా లేవదు.

నీతి: జబ్బు తగ్గాలంటే మందైనా మార్చాలి, దాని అర్థమైనా మార్చాలి. రెండోదే తేలిక.