సంధ్యారాణికి ఆరు మార్కులే రావాలె

మనిషి నిప్పును కనిపెట్టిండు, చక్రాన్ని కనిపెట్టిండు, ఆ తర్వాత చానా కాలం ఉత్తగ కూసుండి, ఆఖరికి జగిత్యాల–కోరుట్ల–సిరిసిల్ల ప్రాంతీయ బీజగణిత ఉద్ధరణ మండలిని కనిపెట్టిండు. ఇగ ఈ మూడు పట్టణాలల్ల ఎక్స్ అంటే భయపడే పిల్లలు ఉండరాదని మండలి ఉత్తర్వు. (ఉన్నట్టు తేలితే సదరు పంతులు మీద చర్య.) ఈ సంగతి నాకెట్ల ఎరుక అంటే, ఆ ఉత్తర్వును ఫ్లెక్సీ మీద కొట్టింది నేనే. సిరిసిల్లల నాది ఫ్లెక్సీ దుకాణం. సర్కారు ఏ మంచి పని తలపెట్టినా ముందుగాల నా దగ్గరికే అస్తది. కొన్ని పనులు నా దగ్గర్నే ఆగిపోతయి కూడా.

సంధ్యారాణి మా వాడకట్టు పిల్ల. పదో తరగతి. తెలుగు, సైన్సు, సోషలు అన్నీ మంచిగనే చదువుతది. ఒక్క లెక్కలకాడనే బండి ఆగింది. ఆగింది కూడా ఒకటే అనుమానం మీద. బరాబర్ గీతకు ఇవతల ఉన్న మైనస్ మూడు, అవతలికి పోంగనే ప్లస్ మూడు ఎందుకైతది? "అవతలికి పోతే గుర్తు మారుతది, గంతే" అని చిన్నప్పటి సంది అందరు చెప్పిన్రు. (ఇటునుంచి అటు పోయినోళ్ల గుర్తు మారుడు మనకు కొత్త గాదు. ఎందుకు మారిన్రని మనం కూడ ఎన్నడూ అడుగలె.) ఈ పిల్ల మాత్రం గంతే అంటే ఊకునే రకం గాదు.

తల్లి రాజమణి బట్టల కంపెనీల కుట్టుపని చేస్తది. ఆమె బిడ్డకు ముందే చెప్పింది: "పాలిటెక్నిక్ అంటున్నవు, మంచిదే. గని ఈసారి లెక్కలల్ల తప్పితే నాతోటి కుట్టువనికి రావాలె బిడ్డా. మా సూపర్‌వైజరు మిషన్ ఖాళీ ఉన్నదన్నడు, ఎన్నొద్దులని ఆపుతడు?" పిల్ల సరే అన్నది. అన్నదిగని ఆ రోజు సంది ఆమెకు అన్నం సయించలేదు.

బడిల లెక్కల పంతులు మనోహర్ సారు. మంచి మనిషి, చెప్పే ఓపిక ఉన్నోడు. అందుకనే ఆయన చెప్పకుండ మండలి పకడ్బందీ ఏర్పాట్లు చేసింది. మొదలు ఆయనను కోరుట్ల ఫంక్షన్ హాలుకు శిక్షణకు పిలిచిన్రు. అక్కడ రఘు అనే నిపుణుడు ఎక్స్-మిత్ర యాప్ ఎట్ల తెరువాలె, బ్యానరు ముడతలు పడకుండ ఎట్ల పట్టుకోవాలె అని పొద్దంతా చెప్పిండు. ఎక్స్ గురించి ఎవరన్న అడిగితే, అది రెండో విడత శిక్షణల ఉంటదన్నడు.

ఇగ బడిల సంధ్యారాణికి పెట్టిన ప్రత్యేక క్లాసు ఎట్ల నడుస్తదంటే, ముందు సారు మొఖం యాప్‌కు చూపియ్యాలె. తర్వాత పిల్ల మొఖం. తర్వాత ఇద్దరు, బోర్డు, బ్యానరు కలిసి ఒక ఫోటో. అందరు నవ్వాలె. (బోర్డుకు మినహాయింపు ఉన్నది.) అప్పుడు తల్లిదండ్రుల సమ్మతి కోసం రాజమణి ఫోనుకు ఓటీపీ పోతది. రాజమణి ఫోను కంపెనీ గేటుకాడ డబ్బాల ఉంటది. అయ్యగారు అచ్చేదాక అమాస ఆగదంటరు, మా బడి గంట కూడ అంతే, ఓటీపీ అచ్చేదాక ఆగదు. గంట కొట్టంగనే "బోధన విజయవంతం" అని పచ్చటి టిక్కు పడుతది.

ఒకనాడు సర్వరు పోయింది. పొద్దుగూకేదాక రాదన్నరు. నేను ముడత పడ్డ బ్యానరు మార్చుదామని అక్కడనే ఉన్న. మనోహర్ సారు ఫోను జేబుల ఏసుకొని, ఏం తోచక, పాఠం చెప్పుడు మొదలువెట్టిండు. మధ్యాహ్న భోజనం వండే సాయవ్వ కాడికి పోయి తరాజు, పప్పు సంచి అడిగిండు.

"లెక్క అయినంక పప్పు పప్పు లెక్కనే తేవాలె సారు" అన్నది సాయవ్వ.

సారు సంచిలకెల్లి మూడు కిలోలు తీసి, మిగిలింది తూకమేసిండు. అయిదు కిలోల రాళ్లకు సరిగ్గ తూగింది. "నిండు సంచి ఎంతనో మనకు ఎరుక లేదు, అదే ఎక్స్ అనుకో. ఎట్ల తెలుస్తది?"

"తీసిన మూడు మల్ల పొయ్యాలె."

"పోస్తే తరాజు ఒరుగుతది గదా."

సంధ్యారాణి తరాజు దిక్కు జరసేపు చూసింది. "అటు గూడ మూడు పెట్టాలె. ఎనిమిది." మల్ల చిన్నగ అన్నది, "అయితే మైనస్ మూడు అవతలికి పోనేలేదు సార్. మనమే రెండు దిక్కుల మూడు కలిపినం. గీ ముచ్చట ముందే చెప్తె ఏమైతుండె?"

సారు మొఖం చూడాలె. ఫోటో కోసం ఎన్నడు అట్ల నవ్వలేదు.

సర్వరు వచ్చినంక ఆలస్యమైన ఆరంభ పరీక్ష పెట్టిన్రు. పిల్లలు ఎంత వెనుకబడ్డరో తేల్చే పరీక్ష అది. సంధ్యారాణికి ఇరవైకి పంతొమ్మిది అచ్చినయి. యాప్ ఎర్రబడ్డది: "బలహీన విద్యార్థికి ఇన్ని మార్కులు చెల్లవు."

మర్నాడు జగిత్యాల నుంచి మండలి అధికారి నర్సింగ్ రావు సారు కారేసుకొని అచ్చిండు, నేను కొత్త బ్యానరు కడుతున్నప్పుడే. కోపం మనిషి గాదు, బాధ మనిషి. "ఆరంభంలనే పంతొమ్మిది అస్తే ఇగ మేం ఏం ఉద్ధరించాలమ్మా?" అని పిల్లను అడిగిండు.

"సార్, పిల్లకు అచ్చింది గదా, బలహీనుల జాబితాలకెల్లి పేరు తీసేద్దాం" అన్నడు మనోహర్ సారు.

"పేర్లు తీస్తే లక్ష్యం తగ్గుతది. అవు గని, సర్వరు లేనినాడు మీ మొఖం హాజరు పడలేదట గదా?"

మనోహర్ సారు అచ్చి నా బ్యానరు ఇంకో కొస పట్టుకున్నడు.

పరీక్ష మల్ల పెట్టాలని తీర్మానమైంది. గని ఎన్ని మార్కులు రావాలె? నిబంధన గట్టిది. ఆఖరి పరీక్షల ఇరవైకి ఇరవై రావాలె. ఆ ఇరవై, ఆరంభ మార్కులకు మూడింతల మీద రెండు ఉండాలె. ఎక్కువైనా తక్కువైనా యాప్ తీస్కోదు. నర్సింగ్ రావు సారు ఏడు ఏసి చూసిండు. ఇరవైకి ఇరవై మూడు అచ్చింది. అయిదు ఏస్తే పదిహేడే. అయిదుకు ఏడుకు నడుమ ఏమన్న వెసులుబాటు ఉన్నదేమో కనుక్కుందామని పై ఆఫీసుకు ఫోను కలిపిండు.

"రెండు దిక్కుల రెండు తీసేస్తే పద్దెనిమిది, మూడు భాగాలు చేస్తే ఆరు" అన్నది సంధ్యారాణి. "ఆరు రావాలె సార్."

నర్సింగ్ రావు సారుకు పట్టరాని సంబురమైంది. "చూసిన్రా, పథకం ఎట్ల పనిచేస్తుందో!" అని ఆమె భుజం తట్టి, ఆరు మార్కులకు సరిపోను రాయమన్నడు. పాసుకు ఏడు గావాలె. "ఎవల పిల్లనైనా తప్పు రాయమంటరా?" అని నేనే అడిగిన. "ఇది తప్పు గాదు, ఆరంభం" అన్నడు సారు.

పిల్ల రాసింది. బయటికి అచ్చి, "తప్పులు రాసుడు చానా కష్టమైంది, ఊకె సరైనయే అస్తున్నయి" అన్నది.

ఎన్నడూ టైముకు ఓటీపీ అందియ్యని యాప్, ఈసారి మాత్రం రాజమణి ఇంటికి చేరకముందే మెసేజు పంపింది: మీ పాప లెక్కలల్ల ఫెయిలు, మార్కులు ఆరు.

"అమ్మా, నాకు అన్నీ అచ్చు. సార్లే తప్పు రాయమన్నరు" అని సంధ్యారాణి ఏడ్సుకుంట చెప్పింది. వాకిట్ల నిలవడి నేను సుత అవునన్న.

రాజమణి నా దిక్కు సుత చూడలె. "తప్పు రాయమని చెప్పే సారు ఏ బడిల ఉంటడే? అబద్ధమన్న అతికేటట్టు చెప్పు" అన్నది. ఆమెనేమనాలె, నేను చూడకుంటే నేను గూడ నమ్మకపోదును. సోమవారం పొద్దున తల్లీబిడ్డలు ఇద్దరు టిఫిన్ డబ్బాలు పట్టుకొని కంపెనీ ఆటో ఎక్కిన్రు. మనోహర్ సారు రెండుసార్లు వాళ్లింటికి పోయిండు. తలుపుకు తాళమే ఉండె.

ఆఖరి పరీక్షకు సంధ్యారాణి రాలేదు. రాని పిల్లలకు కారణం చూపియ్యకుంటే యాప్ ముందుకు కదలదు. అందుల ఉన్నయే మూడు కారణాలు: పెండ్లి, వలస, లెక్కలంటే భయం. నర్సింగ్ రావు సారు నిమ్మలంగ ఆలోచించి, పిల్ల మంచిది గదా అని, మూడోది నొక్కిండు.