కడుపు తీసేస్తరట

ఆ శనివారం పొద్దున నవనీత ప్లాన్ చాలా చిన్నది. మిర్యాలగూడ నుంచి కోదాడకు ఒక ట్రిప్పు కొట్టి రావాలి, ఎవరినీ తిట్టకూడదు. మామూలు కండక్టర్‌కే అది కష్టం. పది రోజులుగా పలచటి జావ, మజ్జిగ, డాక్టర్ రాసిచ్చిన పొడి కలిపిన పాలు తప్ప ఏమీ ముట్టని కండక్టర్‌కు మరీ కష్టం. హుజూర్‌నగర్ రాకముందే ఆమె ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్లనూ, లోపల మిర్చి బజ్జీలు తింటున్నవాళ్లనూ తిట్టేసింది. బజ్జీల వాళ్లను కొంచెం ఎక్కువే తిట్టింది.

లావు ఆమెకు కొత్త కాదు. షుగరూ మోకాళ్ల నొప్పీ తర్వాత వచ్చి చేరాయి. వానాకాలంలో ఒకరోజు కిటకిటలాడే బస్సులో టికెట్లు కొడుతూ రెండు సీట్ల మధ్య ఇరుక్కుపోయింది. ఇద్దరు ఆడవాళ్లు చేతులు పట్టి లాగితే గానీ బయటపడలేదు. లాగినవాళ్లు ఇద్దరు, నవ్వినవాళ్లు బస్సెడు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు.

సూర్యాపేటలో హైవే పక్కన కొత్తగా తెరిచిన దవాఖానకు హైదరాబాద్ నుంచి వారానికోసారి డాక్టర్ చంద్రమౌళి వస్తాడు. ఆయన రెండు దారులు చెప్పాడు. కడుపులో ముప్పావు భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టడం ఒకటి. రెండోది బైపాస్. "బైపాస్ నాకు తెల్వదా సార్, ఊరు తగలకుంట పోవుడే కదా" అంది నవనీత. దాదాపు అంతేనని ఆయన ఒప్పుకుని, ఆమెకు మొదటిదే చాలన్నాడు. ఇది మంత్రం కాదని కూడా చెప్పాడు. తర్వాత కొన్నాళ్లు గుక్కెడు గుక్కెడు నీళ్లు, ఆపైన మెత్తటి తిండి, బతికినన్నాళ్లూ చిన్న ముద్దలు, మాత్రలు. పాత తిండికి మళ్లితే పాత బరువు కూడా మళ్లీ వస్తుంది. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు మాత్రం ద్రవాలే తాగాలి, అప్పుడే కాలేయం చిన్నదై కత్తికి చోటిస్తుంది. మధ్యలో తిండి ముట్టారా, తేదీ పోయినట్టే.

ఈ సంగతి భర్త లింగస్వామికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నోరు కట్టుకుంటే పోయేదానికి కోత ఎందుకమ్మా అని ఊరంతా అడుగుతుంటే జవాబు చెప్పే ఓపిక ఆమెకు లేదు. చెల్లెలికి చెప్పకుండా మాత్రం ఉండలేకపోయింది. ఆ శనివారం బస్సు హోరులోనే ఫోన్ చెవికి నొక్కిపెట్టి గట్టిగా అంది: "బుధవారమే. కడుపు ముప్పావు తీసేస్తరట."

అదే క్షణంలో డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆ హారన్ 'ముప్పావు'ను మింగేసింది. మిగిలినది వెనక సీట్లో ఉన్న ఆండాళు చెవిన పడింది. హాలియాలో నవనీత అత్తగారింటికి ఆండాళుది పక్కిల్లే. తెలుగులో అన్నం పడేదీ కడుపే, బిడ్డ పడేదీ కడుపే. భాష మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, ఆండాళు మీద తెచ్చుకోవచ్చు. సాయంత్రానికి హాలియాలో నవనీతకు మూడో నెల వచ్చింది. రాత్రికి లోపలున్నది మగపిల్లాడేనని తేలింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అత్తగారు సైదమ్మ మనవడి కోసం ఏళ్లుగా మొక్కని దేవుడు లేడు. ఉన్న ఒక్క మనవరాలు ఇంటర్‌కు వచ్చినా ఆశ చావలేదు. అలాంటి మాట నోటితో అడగకూడదు, తిండితోనే మనసు మార్చాలనుకుని ఆదివారం పొద్దున్నే గారెలు, నాటుకోడి కూర క్యారేజీలో కట్టుకుని మిర్యాలగూడలో దిగింది. మూత తీయగానే వచ్చిన వాసనకు నవనీత కళ్లు తిరిగాయి. సైదమ్మ దాన్ని వేవిళ్ల కింద జమకట్టుకుంది.

"తిను బిడ్డా. నువ్విప్పుడు ఇద్దరి తిండి తినాలె."

నవనీతకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన ఒంటిని ఇంతమంది ఇన్ని రకాలుగా ఎత్తిపొడిచారు గానీ, తిండి పక్కనే కూర్చుని ఎవరూ ఇంత మాట అనలేదు. "నేను తినను అత్తమ్మా. బుధవారం తీసేయించుకుంటున్న. నా కడుపు, నా ఇష్టం" అని క్యారేజీ అవతలికి నెట్టింది. సైదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొడుకును పెరట్లోకి లాక్కెళ్లి, ఇది నీకు తెలుసా అని నిలదీసింది. లింగస్వామి నేల చూపులు చూస్తూ, తెలుసమ్మా, సంతకం కూడా నేనే పెట్టిన అన్నాడు. తల్లి వాడి చెంప పగలగొట్టి, ఏ దవాఖానో చెప్పించుకుని మొదటి బస్సుకే వెళ్లిపోయింది. ఆపరేషనంటే అమ్మకు ఇంత భయమా అనుకుని లింగస్వామి చెంప తడుముకుంటూ కోడికూర తిన్నాడు.

బుధవారం పొద్దున సూర్యాపేట దవాఖానలో నవనీత పచ్చగౌను వేసుకుని మంచం మీద కూర్చుంది. రెండు వారాల జావ ఇవాళ్టితో ఫలిస్తుంది. అప్పుడే బయట గోల మొదలైంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి సైదమ్మ హాలియా నుంచి సగం బస్సు జనాన్ని వెంటబెట్టుకొచ్చింది. అందరూ ఆపరేషన్ గది గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు, ముందు వరుసలో ఆండాళు. మనవణ్ణి చంపే డాక్టర్ ఎవడో బయటికి రావాలని సైదమ్మ కేకలు పెట్టింది.

ఆ కేకలు వింటుండగానే నర్సు నవనీతకు బీపీ చూసి, మళ్లీ చూసి, డాక్టర్‌ను పిలిచింది. ఈ బీపీతో మత్తు ఇవ్వడం కుదరదని, వచ్చే బుధవారం చూద్దామని చంద్రమౌళి అన్నాడు. అంటే ఇంకో వారం జావ. నవనీత గౌనుతోనే బయటికి నడిచింది. వెనకాలే వచ్చిన డాక్టర్, తీసేది బిడ్డను కాదు, అన్నం పడే సంచిలో కొంత భాగాన్ని అని అందరికీ వివరించాడు. అసలు కడుపే లేదన్నాడు. ఆండాళు తప్పంతా హారన్ మీదికి నెట్టేసింది.

"లేని పిల్లగాని కోసం సగం బస్సు వచ్చిన్రు" అంది నవనీత. "నేనున్న కదా. ఇన్నేండ్లల్ల నీ మోకాళ్లు ఎట్లున్నయని ఒక్కరన్న అడిగిన్రా?"

సైదమ్మ కోడలిని పైనుంచి కిందికి చూసింది. మోకాళ్ల దగ్గర చూపు ఆగింది. తర్వాత మెల్లగా లేచి, లోపలికి పోతున్న డాక్టర్‌కు అడ్డం తిరిగింది.

"యాడికి సారూ? నా చేతి కోడికూర ముందల పెట్టినా ముట్టలే నా కోడలు. దాన్ని ఇంకో వారం గంజి తాగుమంటవా? నువ్వు తాగి సూపియ్యి. కోసినంక పోదువు గానీ."

సగం బస్సు జనం ఈసారి డాక్టర్ కారు ముందు కూర్చున్నారు. ఆయన తలపట్టుకుని, బీపీ తగ్గితే రేపు పొద్దున్నే చేసి వెళ్తానన్నాడు. తన తరఫున ఇంకొకరు కోప్పడడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి కావడంతో, నవనీత కోపానికి పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. నర్సు సాయంత్రం చూస్తే బీపీ దిగింది. పక్కనే ఇంకా డాక్టర్‌ను తిడుతున్న సైదమ్మకు అనుమానంతో బీపీ పట్టీ చుట్టి, అంకె చూసిన నర్సు ఆమెకూ ఒక మంచం వేయించింది.

చీకటి పడేవేళకు ఇద్దరికీ జావ వచ్చింది, అత్తగారి గిన్నెలో ఉప్పు లేదు.